కసియెం మీటరు మీద ఆరు ఇళ్లు

అస్సలాము అలైకుం.

ఈ పందిరి కిందకు నడిచి వచ్చిన అయ్యలారా, అమ్మలారా, కలిలేగి నదిగట్టు మీద నాతోపాటు ముసలివాళ్లయిన నా ఈడువాళ్లారా, ముందు వరుసలో కూర్చున్న నగర కార్యాలయం అయ్యగారూ, అందరికీ దండం. మా కసియెం కన్నుమూసి ఈరోజుకు నలభై రోజులు. ప్రార్థన అయింది. అపెం అట్లు తిన్నారు, టీ తాగారు. కసియెం మంచిదని నాలుగు ముక్కలు చెప్పి నేను కూర్చుంటే మీరు పొట్లాలు పట్టుకుని ఇళ్లకు పోవచ్చు. నేను అంత తొందరగా కూర్చోను.

నాకు అక్షరం రాదు. నా చేతిలోని ఈ కాగితం మన వార్డు ఆఫీసులో పనిచేసే నింగ్రుమ్ రాసింది. నేను చెబుతూ పోయాను, ఆమె రాస్తూ పోయింది. మూడుసార్లు చదివించుకుని మాటమాటా బుర్రలో పెట్టుకున్నాను. కాగితం అయ్యగారికి. మాటలు మీకు.

ఇదిగో, ఈ గోడ మీద కసియెం కరెంటు మీటరు కూస్తోంది. వింటున్నారు కదా? ముందుగా కొన్న కరెంటు అయిపోవస్తే అలాగే కూస్తుంది. ఎవరూ లేవకండి. కూయనివ్వండి. ఎందుకో చివర్లో చెబుతాను.

కసియెం జబ్బు చేసి చనిపోయిందని మీరనుకుంటున్నారు. కాదు. కసియెం ధనవంతురాలు అయినందువల్ల చనిపోయింది.

ఏం, నవ్వొస్తోందా? సందు చివర సోయా గింజల టెంపే ముక్కలు వేయించి అమ్ముకున్న మనిషి ధనవంతురాలేమిటని? నాకూ నవ్వొచ్చింది. కంప్యూటరుకు రాలేదు. ఆమె రెండు కిడ్నీలూ పనిచేయడం మానేసి నాలుగేళ్లు. సోమవారం ఒకసారి, గురువారం ఒకసారి ఆసుపత్రిలో యంత్రం పక్కన పడుకుంటే అది ఆమె రక్తం కడిగి పంపేది. పేదవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య కార్డు మీద నడిచింది ఆ బతుకు. ఒక సోమవారం పొద్దున ఆ కార్డు పలకలేదు. నిన్నటిదాకా ఆమె మొదటి మెట్టు మీద ఉందట, ఇప్పుడు ఏడో మెట్టు మీద ఉందట, అంత పైమెట్టు వాళ్లకు ఆ కార్డు చెల్లదట. పేదల నుంచి గొప్పవాళ్ల దాకా జనాన్ని పది మెట్ల మీద నిలబెట్టారట కదా! మోకాళ్లు వంగని మనిషి, మసీదు గుమ్మం ఎక్కడానికి నా భుజం పట్టుకునే మనిషి, ఒక్క రాత్రిలో ఆరు మెట్లు ఎలా ఎక్కిందయ్యా?

అబద్ధం ఆడను. ఆ కంప్యూటరు పద్ధతి వచ్చినప్పుడు నేనే చప్పట్లు కొట్టాను. అంతకుముందు పేదల జాబితా పాత వాడపెద్ద నోట్‌బుక్కులో ఉండేది. అందులో ముందు ఆయన బావమరిది, తర్వాత ఆయన కోడిపందేల స్నేహితుడు, మిగిలితే మనం. ఆఫీసువాళ్లు ఇక్కడికే వచ్చి చెప్పారు: ఇక కరెంటు లెక్క, బండ్ల రిజిస్ట్రేషన్లు, భూమి కాగితాలు, బడి పేర్లు, ఆసుపత్రి పేర్లు అన్నీ ఒకచోట పోస్తాం, లక్షల మంది డేటా కలిపి చూస్తాం, ఎవరు పేదో యంత్రమే చెబుతుంది, యంత్రానికి బంధువులు లేరు అన్నారు. నిజమే అనుకున్నాం. పైవీధి సిమాన్ రెండంతస్తుల మేడలో ఉండి ఉచిత బియ్యం తినేవాడు. యంత్రం వాణ్ణి వారంలో పట్టుకుంది. ఆరోజు కసియెమూ నేనూ పొట్ట పట్టుకుని నవ్వాం.

యంత్రానికి బంధువులు లేరు. బంధువులు లేనిదానికి ఇరుగుపొరుగు అంటే ఏం తెలుస్తుంది?

ఇప్పుడు నేను చెప్పేది అయ్యగారు చెవిపెట్టి వినాలి.

నదివైపు ఉన్న మన ఇళ్లకు భూమి కాగితాలు లేవు. కాగితాలు లేవు కాబట్టి మీటరు ఇవ్వరు. సందుకు ఇటువైపు కాగితం ఉన్న ఇల్లు కసియెందొక్కటే. పెద్ద వరద వచ్చిన ఏడాది, నీళ్లు తీశాక, నేను కొవ్వొత్తి పెట్టుకుని బురద ఎత్తిపోస్తున్నాను. కసియెం తన కిటికీలోంచి ఒక తీగ చుట్ట నా ముంగిట్లోకి విసిరింది. "వగిరా, నీ కొంపలో నీ నోరొక్కటే వెలుగుతోందే. ఒక బల్బు కూడా వెలగనీ" అంది. అదీ మొదటి తీగ. తర్వాత రెండోది, మూడోది. అయిదిళ్లకు అయిదు తీగలు, ఆమెది ఆరో ఇల్లు. ఆ కరెంటులో ఆమె వాడుకునేది ఒక బల్బు, ఒక ఫ్యాను. మీటరు కూస్తే వంతులవారీగా కరెంటు కొని, చీటీ మీద ఇచ్చిన అంకెలు మీటరు మీద నొక్కేవాళ్లం. నాకు వచ్చిన చదువు ఆ పది అంకెలే. వాటిని కూడా కసియెమే నేర్పింది.

నదివైపు వాళ్ల గోల మనకెందుకని పైవీధివాళ్లు అటు చూస్తున్నారు. చూడండి చూడండి! మన చిన్న మసీదులో నీళ్ల మోటారు ఏ మీటరు మీద తిరుగుతోంది? మొన్న నమాజుకు ముందు మీరు కాళ్లూ చేతులూ కడుక్కున్న నీళ్లు ఎవరివి? పదకొండేళ్లుగా ఆ మోటారు కసియెం పేరు మీదే తిరుగుతోంది.

ఇక బండ్లు. జుమాది మదురా దీవి నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చాడు. చేపలు మోసే బండి కావాలి. అతని గుర్తింపు కార్డు వేరే జిల్లాది, ఇక్కడ ఎవరూ వాయిదాల మీద బండి ఇవ్వరు. మన దగ్గర ఇలాంటప్పుడు ఏం చేస్తాం? పేరు అరువిస్తాం. ఉప్పు అరువిచ్చినట్టు, చాప అరువిచ్చినట్టు. కసియెం తన కార్డు తీసి అతని చేతిలో పెట్టి, "పేరు ఇస్తున్నాను, ఫొటో చూపించకు నాయనా. ఈ మొహం చూస్తే బండి కాదు కదా, సైకిలు గాలి పంపు కూడా ఇవ్వరు" అంది. రెండేళ్లకు అతని తమ్ముడు వచ్చాడు. మళ్లీ అదే కార్డు. రెండు బండ్లు. వాటిలో ఆమె ఎక్కింది ఒక్కదాని వెనక, అదీ సోమవారం, గురువారం, ఆసుపత్రికి. చేపల వాసన వస్తోందని నర్సులు ముక్కు మూసుకుంటే, "నేను నది పిల్లని, అలాగే ఉంటాను" అనేది.

కంప్యూటరుకు ఏం కనిపించింది? ఒంటరి ముసలామె, ఆరు ఇళ్ల కరెంటు, ఒక మోటారు, రెండు బండ్లు. ఈవిడ గొప్ప ధనవంతురాలు అంది. అంకెల్లో తప్పేం లేదయ్యగారూ. ఒక్క అంకె తప్పు కాదు.

ఇప్పుడు నా పాపం చెబుతాను. చెప్పడానికే లేచాను.

కార్డు పలకని మర్నాడు ఇద్దరం వార్డు ఆఫీసుకు వెళ్లాం. నింగ్రుమ్ మంచి పిల్ల, మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది. తెర చూసి, "అమ్మమ్మా, ఇంత కరెంటు మీరొక్కరే వాడుతున్నారా? వేరేవాళ్లు వాడుతుంటే ఎవరో చెప్పండి. నేను రాస్తేనే పైవాళ్లు మారుస్తారు" అని అడిగింది. ఎవరో చెబితే ఏమవుతుంది? కరెంటువాళ్లు వస్తారు. దొంగ తీగలు అంటారు. అన్నీ కోసేస్తారు. అది కసియెంకు తెలుసు. నాకూ తెలుసు.

కసియెం నా వైపు చూసింది.

నేను ఏం చేశానో తెలుసా? ఈ వాడలో నా నోటికి భయపడని కుక్క లేదు. బియ్యం దుకాణం వాణ్ణి సందు చివరిదాకా తరిమిన నోరు ఇది. ఆ పూట నేను నేల మీది పలకలు చూస్తూ కూర్చున్నాను. తెల్ల పలక, బూడిదరంగు పలక, తెల్ల పలక. నా ఇంట్లో బల్బు ఉంది, ఫ్యాను ఉంది, నాకు అన్నం వండే కరెంటు కుండ ఉంది. నేను నోరు తెరవలేదు.

కసియెం నింగ్రుమ్‌కు చెప్పింది: "నాకు చీకటంటే భయం తల్లీ. దీపాలన్నీ వేసుకునే పడుకుంటాను." మరి బండ్లు? "పొద్దున ఒకటి ఎక్కుతాను, సాయంత్రం ఒకటి." పిల్ల నవ్వింది. చెప్పింది చెప్పినట్టే రాసింది. బయటికొచ్చాక కసియెం నా డొక్కలో పొడిచి, "నీ నోరు ఎక్కడ మర్చిపోయి వచ్చావే వగిరా?" అంది. కోపంగా కాదు. ఎప్పుడూ అన్నట్టే అంది. కోపంగా అనుంటే నాకు ఇంత బరువు ఉండేది కాదు.

ముప్పై పనిదినాల్లో విచారిస్తామని ఫోనుకు కబురొచ్చింది. "నా కిడ్నీలకు ఆదివారం సెలవుందో లేదో కనుక్కోలేదు చూడు" అంది కసియెం. ఒక్కసారికి మాత్రం మేమంతా కలిసి రక్తం కడిగించాం. రెండోసారికి చేతుల్లో ఏమీ మిగల్లేదు. కాళ్లు వాచాయి. తర్వాత మొహం వాచింది. పదహారో రోజు పొద్దున, మోటారు తిరిగి మసీదు తొట్టి నిండుతున్న వేళ, ఊపిరితిత్తుల నిండా నీరు చేరి నా ఒళ్లో చనిపోయింది. ఎండలో కూర్చుని నీళ్లలో మునిగిపోయింది.

ముప్పై పనిదినాలూ ఎప్పుడో దాటిపోయాయి. విచారణకు మనిషి వస్తున్నాడని మొన్న కబురొచ్చింది. ఎవరిని విచారిస్తాడు?

అయ్యగారూ, మీ యంత్రాన్ని నదిలో పారేయమని నేను అనను. అది సిమాన్ మేడను పట్టుకుంది, రేపు ఇంకొకణ్ణి పట్టుకుంటుంది, పట్టుకోనివ్వండి. కానీ అది ఒక పేరు కొట్టేసే ముందు ఒక మనిషిని కాళ్ల మీద నడిపించి ఆ గుమ్మం దాకా పంపండి. అతను తల పైకెత్తి తీగలు ఎటు పోతున్నాయో చూడాలి. చూసి తేల్చేదాకా ఆ మనిషి మందు ఆపకండి. ఒక మీటరు మీద ఆరు కుండలు ఉడుకుతాయని రాసుకోవడానికి మీ కంప్యూటరులో ఒక గడి పెట్టండి. అది రాసినవాళ్లను దొంగలనకండి. ఇంత పెద్ద యంత్రంలో అంత చిన్న గడికి చోటు లేదా?

ఇక మీరు. నా వాడవాళ్లారా. అటు చివర పక్క సందు సురిప్ కూర్చుంది. అదే ఆసుపత్రి, కసియెం పక్క మంచం. సురిప్ కార్డు నిన్న పొద్దున పలకలేదు. ఎందుకు? ఆమె మీటరు మీద మూడు ఇళ్లు వెలుగుతున్నాయి కాబట్టి. ఆ మూడిళ్లవాళ్లూ ఈ పందిరి కింద ఉన్నారు. ఇప్పుడు నేల చూస్తున్నారు. నేల మీద ఏముందో నాకు తెలుసు. నేను చూసి వచ్చాను.

మీ పేర్లు నేను చెప్పను. నా పేరు చెబుతాను. రాసుకో నింగ్రుమ్, అందరి ముందూ రాసుకో. కసియెం మీటరు మీద మొదటి తీగ వగిరాది. పదకొండేళ్లు. కోసుకోమను. నేను కొవ్వొత్తి వెలిగించుకుంటాను, వరదప్పుడు వెలిగించుకోలేదా? సురిప్‌కు మళ్లీ సోమవారం ఉంది. కోసిన తీగ మళ్లీ వేసుకోవచ్చు.

ఈ మీటరు పొద్దున్నించి కూస్తోంది. ఈ వారం వంతు నాది. నేను అంకెలు నొక్కలేదు, నొక్కను. ఈ మైకు కూడా దాని మీదే ఉంది, అది ఆగితే నా గొంతూ ఆగుతుంది. రేపటి నుంచి కసియెం ఇంట్లో కరెంటు కాలడం లేదని కంప్యూటరుకు తెలుస్తుంది. అప్పుడు ఒప్పుకుంటుంది ఆమె పేదదని. నలభై రోజులు ఆలస్యంగా.

లేవండి. ముందు ఈ మీటరు మీద బతికిన అయిదిళ్లవాళ్లు లేవండి. జుమాదీ, నువ్వు, నీ తమ్ముడు లేవండి. సురిప్ తీగల మీద ఉన్నవాళ్లారా, మిమ్మల్ని ఎవరూ వేలెత్తి చూపించరు, మీరే లేవండి. ఆ మసీదు నీళ్లతో మొహం కడుక్కున్న ప్రతివాళ్లూ లేవండి. అయ్యగారూ, మీరూ.

ఎవరూ మాట్లాడకండి. ఎంతసేపు అని అడగకండి. ఆ కూత ఆగేదాకా.