పసుపు గుడ్డ కట్టిన వాకిలి

"పెద్దమ్మా, మా పూల కంపెనీలో పురుగుల మందు కొట్టిన గ్రీన్‌హౌసుకు ఎర్ర బోర్డు పెట్టించినాను. ఆడోళ్లు బోర్డు చూడరు, వాకిలికి పసుపు గుడ్డ ఉందా అని చూస్తారు. ఆ గుడ్డ సంగతేమి?"

అది నన్నడుగుతావా? ఇట్ల కూర్చో. మీయమ్మను అడిగింటే నవ్వేసి లోపలికి పోయుంటాది. నా తోడికోడలు ఎప్పుడూ అంతే, నోట్లో మాట బయటికి రాదు. ఆ పొద్దు ఒక్కటే వచ్చింది.

అప్పుడు మన బేరిగై ఊరి పక్క రోజాపూల కంపెనీలు కొత్తగా వస్తా ఉండె. రాగి చేను కోసే మాకు... రాగి కాదులే, అప్పటికి టమాటా వచ్చేసింది, ఉండనీ. బస్సుకు రూపాయి దండగని తెల్లారి మంచులో ఇద్దరమూ నడిచి పోతా ఉంటిమి. లోపలికి పోతే, ఏం చెప్పేది తల్లీ, మంచు బయటే నిలిచిపోయి, ప్లాస్టిక్కు కింద వెలుతురు పాల మాదిరి ఉంటాది. ఆ వెలుతుర్లో బారులు బారులుగా రోజాలు. ఇప్పటికీ నాకు కల్లో అదే వస్తాది. గుళ్లో ఉన్నట్ల గొంతు తగ్గించి మాట్లాడుకొంటా ఉంటిమి.

ఆ గుళ్లోనే ఆడోళ్లకు వంటి మీదికి అమ్మ వస్తా ఉండె. నవ్వొద్దు. పూలు కోస్తా కోస్తా ఒకామెకు కండ్లు తేలిపోయేది, చేతులు వణికేది, నోట్లోంచి నీళ్లు కారేది. మేమేం చేస్తిమి? కత్తెర పక్కన పెట్టి, పసుపు నీళ్లు చల్లి, కాళ్లకు మొక్కితిమి. ఇన్ని పూలున్న చోట మారెమ్మ రాకుండా ఉంటాదా అనుకొంటిమి. బయట గాలికి తీసుకుపోదామని ఎవురికీ తోచలేదు. ఆమె ఇంటికి పోయి కక్కుకొంటా పండుకొంటే, అమ్మను మోసింది కదా, అలిసిపోయింది అంటిమి. ఓనరు కూడా చెప్పులిడిచి మొక్కేవాడు. చెడ్డోడని అనకూడదు, మా ఇండ్ల పెండ్లిండ్లకు వచ్చి పంక్తిలో కూర్చొని తినేవాడు. పూల కోత ఆగితే మాత్రం ఒప్పడు.

అప్పుడు నువ్వు మీయమ్మ కడుపులో ఉంటివి. అంతకుముందు దానికి ఒకటి నిలవలేదు. ఒక పొద్దు నడుస్తా నడుస్తా అడిగింది, "అక్కా, మారెమ్మ మందు కొట్టిన మర్నాడే యాల వస్తాది? చేన్లో యాల రాదు?" లెంపలేసుకో అని తిట్టినాను. వేసుకోలేదు. ఆ మాట నన్నూ వదల్లేదు. ఆడోళ్లను ఒక్కొక్కర్నే అడిగినాను, నీకెప్పుడొచ్చింది, నీకెప్పుడొచ్చింది అని. అందరూ అదే చెప్పిరి, మందు కొట్టిన మర్నాడని. ఓనరుకు చెప్తే, "తిండి తినకుండా వస్తారు, కండ్లు తిరిగి మయక్కము రాకుండా ఏమైతాది" అనేసినాడు. నాకు భయం పట్టుకొంది, నీ మీదే భయం.

మళ్లా మందు కొట్టినారు. మర్నాడు వాకిట్లోనే మీయమ్మ వణికింది. జుట్టు విరబోసుకొంది. నోరెత్తని మనిషికి ఆ గొంతు యాడినుంచి వచ్చిందో! "ఈ వాసన నాకు పడదు రా! వాసన పోయేదాకా నా బిడ్డలెవురూ లోపల అడుగు పెట్టకూడదు! పరదాలెత్తండి! వాకిలికి నా గుడ్డ కట్టండి!" అని, పసుపు చీర కట్టుకొని ఉండె, దాని కొంగు చింపి ఇచ్చింది. ఓనరు చెప్పులిడిచి ఆయప్పే కట్టినాడు. పక్క పరదాలు ఎత్తినారు. గాలి లోపలికి పోతానే పూలన్నీ ఒక్కసారి తల ఊపె. అదీ కల మాదిరే ఉంది నాకు.

అప్పట్నుంచి వాసన పోయి గుడ్డ విప్పినాకనే లోపలికి పోయేది. చూసి చూసి తక్కిన కంపెనీలోళ్లూ కట్టుకొనిరి.

ఏమి, నిజంగా అమ్మ వచ్చిందా అంటావా? మీయమ్మ ఆ పొద్దు లోపలికే పోలేదు కదమ్మా. మందు సోకకుండానే వణికింది. సాయంత్రం ఇంటికి నడిచి వస్తా దాని ముఖం చూసినాను. కడుపు మీద చెయ్యి పెట్టుకొని, దోవ చూసుకొంటా నిమ్మళంగా నడుస్తా ఉండె. నేను అడగలేదు.

నీ బోర్డూ ఉండనీ. గుడ్డ మాసిపోతే మార్చు, కట్టేది మానొద్దు. నీ దగ్గర పనిచేసేటోళ్ల కడుపులు చల్లగుండనీ. నీ వాకిట్లో ఎవురికీ అమ్మ రాకుండా ఉండనీ, తల్లీ.