పీరమ్మ ఎర్రపూల బొంత

పీరమ్మ లేదూ, కాలవ కట్ట మీద బొంతలు కుట్టే పీరమ్మ, ఆమె చేతిలో గుడ్డ పెడితే ఇక దాని గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదని చుట్టుపక్కల పదూళ్ళలో పేరంట. ఎవరింట్లోనన్నా తల్లి పోయిందనుకో, పెద్దకర్మ అయ్యాక ఆ తల్లి కట్టిన నేత చీరలు ఉతికి, మడతలు పెట్టి, మూట కట్టి పీరమ్మ గుమ్మంలో పెట్టేవాళ్ళు. బొంత అంటే మీకు తెలుసుగా, పైన ఒక గుడ్డ, అడుగున ఒక గుడ్డ, మధ్యన నాలుగైదు పొరలు పాతగుడ్డలు. పైగుడ్డ ఎంత కొత్తదైనా సుఖమంతా లోపలి పొరల్లో ఉంటది. ఉతికి ఉతికి మెత్తబడ్డ గుడ్డ ఆ మధ్యలో ఉంటే, కప్పుకున్నవాళ్ళకి అమ్మ ఒళ్ళో పడుకున్నట్టే ఉంటదంట. మరి ఏమైందంటే, ఆ మెత్తటి గుడ్డ మీద పీరమ్మకే ఆశ పుట్టింది. తిరునాళ్ళకీ ఉరుసులకీ తీసుకుపోయే బొంతల్లో అలాంటి గుడ్డ వేస్తే, పట్నం వాళ్ళు చేత్తో తడిమి ఇంకో మాట లేకుండా కొనేవాళ్ళు. అందుకని మూట తెచ్చినవాళ్ళ మెత్తటి చీరలు తీసి ట్రంకుపెట్టెలో దాచేది, వాళ్ళ బొంతల్లో సంతలో దొరికిన పేలికలు పేర్చేది. కొత్తగా కాపరానికొచ్చిన కోడలు మౌలమ్మ ఒకసారి చూసి, "అత్తా, ఇది ఆ శేషమ్మ తెచ్చిన మొగుడి పంచె గదా, ఆమె దాంట్లో వెయ్యకుండా పెట్టెలో పెట్టావేంది?" అని అడిగిందంట. పీరమ్మ సూది ఆపకుండానే, "కుట్టు పడ్డాక లోపల ఏముందో ఎవరు చూడొచ్చార్లే, నువ్వు దారం ఎక్కించు" అన్నదంట. దొంగతనమనే మాట ఆమె మనసులోకి రాలేదు. పని అనుకున్నది. పని చేసే చోట మనం అనుకునేది అంతేగా.

ఇక ఆమెకి ఒక కూతురుండేది, మీరాబీ. పందొమ్మిదేళ్ళ పిల్ల. కామెర్లొచ్చి పోయింది. మౌలమ్మ ఆ ఇంటికి రాకముందు రెండేళ్ళ నాటి మాట. ఆ పిల్లవి రెండు ఓణీలూ ఒక వాయిలు చీరా మిగిలినై. ఓణీలకి పచ్చంచు. పీరమ్మ వాటిని తనే ఉతికి, తనే మడతపెట్టి, ఒక బొంత కుట్టుకుని కప్పుకుందామనుకున్నదంట. అనుకున్నది గాని, చెయ్యి ఆడలేదు. ఊరందరి తల్లుల చీరల్లో సూది దించిన మనిషి, ఆ మూడు గుడ్డల్లోకి నాలుగేళ్ళు సూది దించలేకపోయింది. ఇవాళ, రేపు, పండగెళ్ళాక అంటా గడిపింది. కొడుకు సైదులు చూస్తే చెల్లెలు గుర్తొచ్చి అన్నం మానేస్తాడని, ఆ మూటని వేరుగా కనపడనీకుండా మిగతా మూటలెట్లా కడతదో అట్లాగే తెల్లపేలికతో కట్టి, అదే ట్రంకుపెట్టెలో అడుగున పెట్టింది. ఇంట్లో ఆ పిల్ల పేరెత్తేది కాదు. కోడలికి ఆడబిడ్డ ఉండేదని తెలుసు గాని, ఆమె ఏం కట్టేదో ఎట్లా తెలుస్తది?

ఆ ఏడు పట్నంలో అయిదు రోజుల హస్తకళల మేళా పెట్టారు. స్టాలు దొరకడమే గొప్ప. అయిదు రోజులు మంచి జాగాలో కూర్చుంటే ఏడాది తిరునాళ్ళంత పెట్టు. చోటు పట్టుకోవాలని పీరమ్మా సైదులూ ముందే బయలుదేరారు. ఇంటికాడ మౌలమ్మ, పక్కింటి ఇద్దరాడవాళ్ళు కలిసి ఇరవై బొంతలు పూర్తి చేసి బస్సులో తేవాలి. గడప దాటతా పీరమ్మ, "గుడ్డ చాలకపోతే పెట్టెలో మెత్తవి ఉన్నై, తీసి వేసెయ్యవే" అని చెప్పింది. చెప్పేటప్పుడు అడుగున ఉన్న మూట ఆమెకి తట్టలేదు. ఇది మీరు కాస్త ఆలోచించండి. మరిచిపోయి కాదు తట్టకపోయింది. దాన్ని ఆమె ఏనాడూ గుడ్డ కింద లెక్కపెట్టలేదు. పెట్టెలో గుడ్డలు ఉన్నై, దాని అడుగున మీరాబీ ఉంది. అంతే ఆమె లెక్క.

మొదటిరోజు బేరం బ్రహ్మాండంగా నడిచింది. ఎర్రపూల పైగుడ్డ వేసినవి నాలుగు తెచ్చారు, వాటిల్లో రెండు పొద్దెక్కకుండానే పోయినై. రెండోరోజు పొద్దున స్టాల్లో బొంతలు సర్దతా మౌలమ్మ, మెప్పు వస్తదనే ఆశతోనే పాపం, "అత్తా, పెట్టె అడుగున పచ్చంచు ఓణీలు దాచావే, ఎంత మెత్తగా ఉన్నైయో! వేలు పెడితే వెన్నలాగా ఉన్నై. అవి వేసిన బొంత కొన్నవాళ్ళు అదృష్టవంతులు" అన్నది. పీరమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. "ఏమన్నావే?" "ఓణీలత్తా. వాయిలు చీర కూడా ఉంది." "దేంట్లో వేశావు?" "ఎర్రపూల దాంట్లో. నాలుగున్నై గదా, వాటిల్లో ఒకదాంట్లో." "ఏదాంట్లో?" మౌలమ్మ అత్త మొహం చూసి తల అడ్డంగా ఊపింది. సైదులు మటుకు తల్లిని చూడకుండా భార్యని చూసి, "అవి చెల్లెలివి" అన్నాడంట. ఆ అమ్మాయి అక్కడే గుడ్డల మీద కూలబడిపోయింది.

మిగిలిన రెండు ఎర్రపూల బొంతల్నీ పీరమ్మ ముందరేసుకుని బ్లేడు తీసింది. పక్క స్టాలు కొయ్యబొమ్మల రోశయ్య, "వదినా, వదినా, కొనేవాళ్ళు చూస్తన్నారు! అమ్ముకునేదాన్నే కోసుకుంటావేంది?" అని అరిచాడు. ఆమెకి వినపడితేగా. వరస వరసా తెగ్గోసింది. మొదటి దాంట్లో ఎవరో ముసలమ్మ నీలం చీర. రెండోదాంట్లో జేగురుగీత అంచు పంచె. ఆ గీత చూడగానే పోల్చుకుంది. శేషమ్మ మొగుడిది. శేషమ్మ ఆ మూట ఇచ్చేటప్పుడు, "వదినా, ఈ పంచెతోనే ఆయన పొలం నించి వస్తా మొహం తుడుచుకునేవాడు, జాగ్రత్తగా కుట్టు" అన్న మాట కూడా వచ్చి చెవిలో పడ్డది. పీరమ్మ ఆ పంచెని పక్కకి తోసేసింది. అప్పటికి ఆమెకి కావలసింది అది కాదు గదా.

అమ్ముడుపోయిన రెంట్లో ఒకటి కొన్నది ఇంజనీరుగారి భార్య. ఇంకొకటి కావాలి, ఇంటికి తెచ్చివ్వమని చిరునామా రాసిచ్చింది. రెండోది కొన్నది ఒక ముసలాయన, రైలుకి వేళయిందని తొందరపడతా చంకన పెట్టుకుని పోయాడు. ఏ ఊరో, ఏ రైలో తెలీదు. సరే, పీరమ్మ ఆటో ఎక్కి ఇంజనీరుగారింటికి పోయింది. ఆవిడ గుమ్మంలోనే ఎదురొచ్చి, "రామ్మా రా, మా అమ్మాయి పురిటికొచ్చింది, రాత్రి నీ బొంత మీద పడుకుని చాలారోజుల తర్వాత కంటినిండా నిద్రపోయింది" అన్నది. పీరమ్మ, "అమ్మగారూ, దాంట్లో కుట్టు సరిగా పడలేదు. వేరేది తెచ్చాను, ఇంకొకటి ఊరికే ఇస్తాను, అది నాకిచ్చెయ్యండి" అన్నది. "కుట్టు బాగానే ఉందమ్మా." "పోనీ ఒక్క మూల విప్పి చూసి మళ్ళీ కుట్టిస్తాను." ఆవిడకి అనుమానమొచ్చింది. "ఎందుకు? లోపలేముంది?" చూశారా, ఇక్కడ పీరమ్మ చిక్కుకుంది. నిజం చెప్పకపోతే బొంత రాదు. వయసులో పోయిన పిల్ల గుడ్డలని చెబితే, పురిటికొచ్చిన అమ్మాయి పడుకున్న ఇంట్లో ఏమంటారో మీకూ తెలుసు నాకూ తెలుసు. చివరికి, "మా అమ్మాయివమ్మా. పోయిన పిల్లవి. పొరపాటున పడ్డై" అన్నది.

ఆవిడ మొహం మారిపోయింది. లోపలికి పోయి, నిద్రపోతున్న కూతుర్ని లేపి, బొంతని రెండు వేళ్ళతో పట్టుకొచ్చి గేటు బయటికి విసిరింది. "చచ్చినవాళ్ళ గుడ్డలు మా పిల్ల కింద పరిపిస్తావా? నీకు ఆడపిల్లలు లేరా?" అన్నదంట. అదే మాట అన్నదంట చూడండి! పీరమ్మ దుమ్ములో పడ్డ బొంతని ఎత్తుకుని, గుండెకి ఆనించుకుని, గేటు పక్కనే కూర్చుని మూల విప్పింది. గళ్ళలుంగీ ఒకటి, పసుపు చీర ఒకటి, చిరుగుల దుప్పటి ఒకటి. మీరాబీ అందులో లేదు. అంటే ముసలాయన పట్టుకుపోయాడన్నమాట.

ఆ తర్వాత సంగతి వినండి. ఇంజనీరుగారి భార్య ఊరుకుంటుందా? మూడోరోజు తెల్లవారేసరికి ఆ మాట మేళా అంతా పాకింది. కొన్నవాళ్ళు ఒక్కొక్కళ్ళే బొంతలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. తిట్టేవాళ్ళు తిట్టారు, మీద పారేసేవాళ్ళు పారేశారు. ఒకాయన ముక్కు మూసుకుని కర్రకి తగిలించి తెచ్చాడంట, వాసనొస్తదేమోనని! సైదులు అందరికీ డబ్బు తిరిగిచ్చి దణ్ణాలు పెట్టాడు. మౌలమ్మ స్టాలు వెనక్కి తిరిగి కూర్చుంది. పీరమ్మ ఒక్కతే, వచ్చిన ప్రతివాళ్ళకీ ఎదురెళ్ళి, రెండు చేతులూ చాచి బొంత అందుకునేది. తిట్టే నోటి వైపు చూసేది కాదు, చంకలో ఉన్న రంగు వైపు చూసేది. మేళా పెద్దలొచ్చి స్టాలు ఎత్తెయ్యమన్నారు. "అయిదు రోజులకి ఇచ్చారుగా, అయిదు రోజులూ కూర్చుంటాను. ఏమీ అమ్మనులెండి" అన్నది. రోశయ్య బతిమాలాడు. "వదినా, ఎవరొస్తారని?" "తెచ్చేవాళ్ళు ఇంకొకళ్ళున్నారయ్యా" అన్నదంట. అమ్మినవి పద్దెనిమిది. పదిహేడు తిరిగొచ్చినై. అయిదోరోజు పందిళ్ళు విప్పే కూలీలొచ్చి తలపైన పందిరిగుడ్డ లాగిందాకా కూర్చుని, అప్పుడు లేచింది. ముసలాయన రాలేదు.

ఊరికొచ్చాక బొంతలన్నీ విప్పి, ఎవరి గుడ్డలు వాళ్ళకి ఇచ్చొచ్చిందంట. ఎవరూ అడక్కుండానే. కొందరు తీసుకుని తలుపేసుకున్నారు, కొందరు మొహాన కొట్టారు. శేషమ్మ మటుకు పంచె చేతిలోకి తీసుకుని, జేగురుగీత మీద వేలు పెట్టి చాలాసేపు చూసి, "అయితే వదినా, ఈ రెండేళ్ళూ నేను ఎవరి గుడ్డలు కప్పుకుని ఏడ్చాను?" అని అడిగిందంట. గొంతు పెంచలేదంట. ఆ ఏడుతో వాళ్ళ బొంతల పని ఆగిపోయింది. సైదులు మిర్చియార్డులో బస్తాలు మొయ్యడానికి పోతన్నాడు, మౌలమ్మ కూలికి పోతన్నది. అత్త కోడల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటేనే నయమయ్యేది అంటదంట మౌలమ్మ.

నేను ఒకసారి నోరు ఊరుకోక పీరమ్మని అడిగాను. "ఆ ముసలాయనకి ఈ సంగతి ఎప్పటికైనా తెలియాలని ఉందా నీకు?" అని. ఆమె, "తెలిస్తే తెచ్చిస్తాడేమో. లేకపోతే ఏ మురిక్కాలవలోనో పారేస్తాడేమో. తెలియకపోతే కప్పుకుంటాడు" అన్నది. అనేసి లేచి పోయింది. ఆమె ఏది కోరుకుంటున్నదో నాకు ఇప్పటికీ తెలీదు, ఆమెకి తెలుసని కూడా నేననుకోను. జరిగింది ఇదమ్మా. ఇది విన్నాక మీరు ఇంటికి పోయి మీ బొంతల్ని ఒకసారి తడుముతారు, నాకు తెలుసు, ఇది చెప్పిన ప్రతిచోటా అంతే. తడమండి, తప్పులేదు. కుట్టు మటుకు విప్పకండి.