ఏడో గీత మీద ఇత్తడి రింగు

కార్వేటినగరం బస్టాండు పక్కన గురవమ్మ టీ అంగట్లో సాయంత్రం నాలుగైతే బెంచీ మీద చోటు దొరకదు. టీ కోసం వచ్చేవాళ్ళు కొందరే. మిగతావాళ్ళంతా జానీ బాషా కోతల కోసం వస్తారు. ఎదురుగా ఉన్న లేతు షాపు ఆయనదే. చెరకు గానుగలకు ఇరుసులు, బోరు మోటార్లకు షాఫ్టులు నలభై ఏళ్ళుగా అక్కడే తిప్పుతున్నాడు. పనిలో వెంట్రుకవాసి తేడా రానివ్వడు. నోరు తెరిస్తే మాత్రం కొలతా లేదు, గిలతా లేదు.

ఆ రోజు బెంచీ చివర సుందరరాజు కూడా కూర్చున్నాడు. మిలిటరీలో హవల్దారుగా చేసి వచ్చి, పాత దాణా గోడౌన్‌లో ఊరి పిల్లలకు ఎయిర్ రైఫిల్ నేర్పించే మనిషి. ఆయన చేతిలో టీ చల్లారిపోతోంది. చూపంతా పక్కనున్న మునిశేఖర్ ఒళ్ళోని పొడుగు సంచీ మీదే ఉంది. అందులో కొత్త రైఫిలుంది. కూతురు గ్రేసీ కోసం మునిశేఖర్ పాడావును అమ్మి కొన్నాడు. వచ్చే వారమే తిరుపతిలో ఆ పిల్లకు సెలక్షన్లు. గొట్టం కొసన రింగు బిగేలా మర కోయించి, జానీ బాషా మనవరాలి రైఫిలుకు వేసినట్టే ఇత్తడి రింగు వేయించుకుపోదామని వచ్చాడు.

ఆ మాట పొద్దున గ్రేసీ చెప్పినప్పుడే సుందరరాజు గుండెల్లో రాయి పడింది. ఆ లేతు మీదికి ఎక్కిన మొదటి రైఫిలు ఏమైందో ఈ ఊళ్ళో ఆయనొక్కడికే తెలుసు. ఊరి బయటైతే, తిరుపతి హాస్టల్లో ఉండి శిక్షణ తీసుకుంటున్న ఆ మనవరాలు సుహానాకు తెలుసు. "మా నానాకు చెప్పొద్దు సార్, ఆయన తట్టుకోలేడు" అని తాత గురించి ఏడ్చి, ఆ పిల్ల ఒట్టు వేయించుకుంది. తీసేసిన రింగును కూడా సుందరరాజు చేతుల్లోనే పెట్టింది. ఆరు నెలల తర్వాత ఇవాళ దాన్ని పెట్టెలోంచి తీసి జేబులో వేసుకొచ్చాడు గానీ, బయటికి తీస్తాడో లేదో ఆయనకే తెలియదు.

"నేనేం పెద్ద పని చేసినానప్పా," అని జానీ బాషా ఎప్పట్లాగే వినయంగా మొదలుపెట్టాడు. "బొటనేలంత ఇత్తడి రింగు తిప్పినా, అంతే. ఇంగ్లీషోళ్ళు దాన్ని ట్యూనర్ అంటారంట, మా సుహానానే ఫోన్లో సూపించింది. గన్ను పేలితే గొట్టం ఊరికే ఉండదబ్బా, తంబురా తీగ మాదిరి వణుకుతాది. మన కంటికి కనపడదు. గుండు బయటికొచ్చేటప్పుడు కొస యాడుంటే, గుండు ఆ దిక్కు పోతాది. కొసన ఇంత బరువు పెట్టి ముందుకో ఎనక్కో తిప్పినామంటే ఆ వణుకు మన చెప్పుచేతల్లోకి వస్తాది. ఇది సదువుకున్నోళ్ళ మాట, నాది కాదు."

అంతవరకూ అబద్ధమేమీ లేదు. సుందరరాజు కూడా తల ఊపాడు.

"రింగు మీద పది గీతలు గీసినా. ఒకటో గీత మీద పెట్టి పాప అయిదు గుండ్లు కాల్చింది. బొక్కలు శెనక్కాయలు ఎండబోసినట్టు పడినాయి. మూడో గీతకు దగ్గిరికొచ్చినాయి. అయిదో గీతకు రూపాయి బిళ్ళ కింద దాచేయొచ్చు. ఏడో గీత కాడికొచ్చేసరికి ఏమైందో తెలుసునా?"

"ఏమైంది మామా?" అన్నాడు మునిశేఖర్, సంచీని ఇంకొంచెం దగ్గరికి లాక్కుంటూ.

"అయిదూ ఒకే బొక్క! అల్లా తోడు. ఈ అంగట్లోనే నాలుగు మందికి ఆ కాగితం సూపించినా. ఇంగ తిరుపతిలో పోటీ. అరవై గుండ్లు కాల్చాల. మొదటిది నట్టనడిమికి పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? రెండోది కాగితానికి తగల్లా! మొదటిది చేసిన బొక్కలోనే దూరి పోయింది. మూడోదీ అంతే, నాలుగోదీ అంతే. జడ్జీ వచ్చి, ఏం పాపా, ఒకటి కాల్చి ఊరకుండావే, అన్నాడు. సార్, యాభైతొమ్మిది అయిపోయినాయి, ఇంగొకటే ఉండాది, అనింది మా పాప. కాగితం ఎనక సూస్తే గుండ్లన్నీ ఒకదానికొకటి అతుక్కోని సీసం కడ్డీ అయిపోయి ఉండాది. మూరెడు!"

"ఆ కడ్డీ ఏం చేసినావు బాషన్నా, పాత సామాన్లోడికి వేసినావా?" అంది గురవమ్మ టీ వడగడుతూ. బెంచీ అంతా నవ్వింది.

"నవ్వమ్మా, నవ్వు. అరవయ్యో గుండు సంగతి ఇంటే నవ్వవు. ఆ హాల్లో ఫ్యాను ఒకటి దయ్యం పట్టినట్టు తిరగతాంది. ఆ గాలికి ఒకరి గుండు ఇంగొకరి కాగితంలో పడతాంది. మా పాప గుండు సగం దూరం పోయి, తిరుచానూరు క్యూలో జనం మాదిరి ఆన్నే నిలబడింది. ఫ్యాను రెక్క దాటిపోయినాంక మెల్లిగా కదిలింది. నా కండ్లారా సూసినా."

"ఆ పొద్దు నువ్వు ఈడ్నే షాఫ్టు తిప్పుతా ఉంటివి కదన్నా?" అంది గురవమ్మ.

"మనసుతో సూసినా తల్లీ! ఆ తర్వాత ఏమైందో తెలుసునా? మెడల్ ఇచ్చేటోళ్ళు అది పాప మెడలో వేయాల్నా, గన్నుకు తగిలించాల్నా అని అరగంట కొట్లాడుకున్నారు!"

అందరూ నవ్వుతున్నారు. సుందరరాజుకు నవ్వు రాలేదు. పాప అన్న మాట వచ్చినప్పుడల్లా ఆ ముసలాయన ముఖం వెలిగిపోవడం ఆయన చూస్తున్నాడు. ముసలాయనకు చూపు తగ్గాక షాపుకు గిరాకీ కూడా తగ్గింది. ఇప్పుడు ఆయన చేతుల గురించి నలుగురూ చెప్పుకునేది ఆ రింగు ఒక్కటే. దాన్ని లాగేసుకోవడానికి సుందరరాజుకు మనసు రావడం లేదు. కోతలే కదా, వింటే ఎవరికి నష్టం అని ఆరు నెలలుగా నోరు మూసుకున్నాడు.

"తే మునిశేఖరా," అని జానీ బాషా లేచి పంచె దులుపుకున్నాడు. "పొద్దు గూకేలోపల కొస కోసేస్తా. రేపటికి రింగు ఎక్కిచ్చేస్తా. మీ గ్రేసీ కూడా కడ్డీ తెస్తాది సూడు."

మునిశేఖర్ సంచీ జిప్పు లాగాడు. నల్లగా నిగనిగలాడుతూ గొట్టం కొస బయటికొచ్చింది. గుండు ఆఖరుగా తాకే చోటు అదే. అక్కడ సన్నటి గీటు పడినా గుండు పక్కకు తిరుగుతుంది. సుందరరాజు గ్లాసు కింద పెట్టేశాడు.

"అన్నా, ఆ రింగు ఇప్పుడు యాడుండాది?"

"యాడుంటాదప్పా? పాప గన్నుకుండాది, తిరుపతిలో."

సుందరరాజు జేబులోంచి రింగు తీసి బెంచీ మీద పెట్టాడు. జానీ బాషా వంగి చూశాడు. పది గీతలున్నాయి. గీసేటప్పుడు చెయ్యి జారి ఏడోది కాస్త పొడుగైంది. తన పనిని తాను గుర్తుపట్టడానికి ఆయనకు కళ్ళజోడు అక్కర్లేదు.

"ఏడో గీతకు అయిదు గుండ్లూ ఒకే కాడ పడింది నిజమే అన్నా. నేనూ సూసినా," అన్నాడు సుందరరాజు మెల్లగా. "మీరొచ్చేసినాక, రింగు ముట్టకుండానే ఇంగో అయిదు కాల్చింది. చెదిరిపోయినాయి. మళ్ళీ అయిదు, దగ్గిరగా పడినాయి. మళ్ళీ అయిదు, దూరం. అయిదు గుండ్లంటే అట్లనే ఉంటాదన్నా, దాంట్లో గీత మహిమేం లేదు. ఒక తూరి సూసి మనమందరమూ నమ్మేసినాం. దానికి తోడు మర కోసినప్పుడు కొస దెబ్బ తినింది. ఆ పొద్దుకాన్నుంచీ ఆ గన్ను నిలకడగా కాల్చలా. పోటీ ఇంగ రెండు దినాలుండాదనంగా గోడౌన్లో పాత గన్ను తీసిచ్చినా. మీరు కోసింది నా కాడ గోడకు తగిలించి ఉండాది. సెప్పొద్దని పాప ఒట్టు పెట్టించుకునింది. గ్రేసీ గన్ను కూడా పోతాదని ఇంగ ఉండలేకపోయినా. నన్ను ఏమన్నా అనండన్నా, పడతా."

గురవమ్మ వడగట్టే గుడ్డ చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది. జానీ బాషా రింగు తీసుకుని, గీతలను బొటనవేలితో ఒకటొకటిగా తడిమాడు.

"అయితే మెడల్?" అన్నాడు చివరికి.

"అది నిజమే. మూడో మెడల్. పాత గన్నుతోనే కొట్టింది."

"అది బరువు గన్ను కదప్పా. భుజానికి ఆనించే కట్టె కూడా పగిలిపోయుండాది."

"గుడ్డ చుట్టుకోని కాల్చిందన్నా."

జానీ బాషా కూర్చున్నాడు. మునిశేఖర్ వైపు చూసి, "జిప్పు వేసేయప్పా. దుమ్ము పడతాది. అట్లనే ఇంటికి తీసకపో. ఈ లేతు కాడికే కాదు, యా లేతు కాడికీ తీసకపోవద్దు," అన్నాడు. మునిశేఖర్ జిప్పు వేశాడు. గురవమ్మ అడక్కుండానే ఇంకో టీ తెచ్చి జానీ బాషా పక్కన పెట్టింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

తర్వాత తలెత్తి అందరినీ చూశాడు. రోజూ కథ ఎత్తుకునేటప్పుడు చూసే చూపే గానీ, గొంతు మాత్రం రోజూ వినే గొంతు కాదు.

"ఇనండప్పా. మా సుహానా, తనది కాని గన్ను, పగిలిపోయిన గన్ను, రెండే దినాలు పట్టుకోని పోయి మెడల్ తెచ్చింది."

అక్కడితో ఆగిపోయాడు. మునిశేఖర్, అలవాటు కొద్దీ, "ఆ తర్వాత ఏమైంది మామా?" అన్నాడు.

"ఆ తర్వాతా?" జానీ బాషా రింగును గుప్పిట్లో మూసుకున్నాడు. "ఇంటికొచ్చి, నీ రింగు వల్లే గెలిచినా నానా, అనింది."