చర్చి అంత అడవిపంది

బెపో తనంతట తానే అందరికీ తన ఖర్చుతో వైన్ కూజా చెప్పాడంటే ఏదో తేడా ఉందని నాకు అప్పుడే తట్టింది. నేనీ వైన్ కొట్టు పెట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, అవతలివాళ్ల కూజాలో రొట్టె ముంచుకోవడమే గానీ వాడు కొనిపెట్టింది లేదు. సరే, మనకెందుకని ఎర్ర వైన్ వెచ్చబెట్టి, ఆలివ్ నూనె, మిరియాలు, కాస్త పంచదార వేసి, కాల్చిన రొట్టె ముక్కలు వదిలి, తెచ్చి అరుగు మీద పెట్టాను. కూజా చేతులు మారుతూ తిరగడం మొదలెట్టింది.

అరుగు మీద తొనీనా ఉంది, నొప్పి మోకాలు బల్ల మీదికి చాపుకుని. పక్కన చర్చి గంట కొట్టే మికులా. కింద లోలా పడుకునుంది. అది తొనీనా కుక్క, అసలైతే ఆమె మొగుడు జ్వానెది. జ్వానె పోయిన చలికాలం కాలం చేశాడు. మా ఇస్ట్రియాలో తెల్ల ట్రఫుల్, అదే చెట్ల వేళ్ల దగ్గర నేల లోపల పెరిగే బంగారం ధర పుట్టగొడుగు, కుక్కతో వాసన పట్టించి తవ్వి తియ్యాలంటే అతని తర్వాతే ఎవరైనా. కింద లోయలో వెనిస్ దొరలు ఓడల కలప కోసం కాపాడిన పాత ఓక్ అడవి ఉంది, ఇప్పుడు దానికి బోర్డులూ కాలిబాటలూ వేసి పార్కు చేశారు. అందులో ఎక్కడో ఒక చెట్టు వేళ్ల దగ్గర ఏటా అతనికి ట్రఫుల్ దొరికేది. ఆ చెట్టు ఏదో పెళ్లానికి కూడా చెప్పలేదు మహానుభావుడు. అతనికీ కుక్కకీ తెలుసు. ఇప్పుడు కుక్కకొక్కదానికే తెలుసు.

ఆ కుక్కనే పొద్దున బెపో వచ్చి అడిగి తీసుకెళ్లాడు. "అక్కా, నీకా మోకాలు. ఇది కూర్చుని కూర్చుని బలిసిపోతోంది. పార్కులో అలా తిప్పి తెస్తాను" అని. ఇప్పుడు దాన్ని తెచ్చి వదిలి, పార్కు బాట దిగకుండా తిప్పానంటూ వాళ్లెదురుగా కూర్చున్నాడు.

"బాట దిగలేదంటున్నావు కదరా బెపో," అంది తొనీనా, "మరి దీని ముందుకాళ్లకి పైదాకా ఆ మట్టేంటి?"

"అదేనక్కా చెప్పబోతున్నాను! నీ కుక్క ప్రాణాలతో తిరిగొచ్చిందంటే ఎవరి పుణ్యం అనుకుంటున్నావ్? వినండి మరి. బోర్డు మీద రాసినట్టే దానికి తాడు కట్టి బుద్ధిగా బాట మీద పోతున్నాం. ఉడుత ఎదురొస్తే దానికి కూడా దారిచ్చాను. వాగు మలుపు తిరిగేసరికి ఒక అడవిపంది. మామూలుదేలెండి, మేకంత. నేను 'ఊఁ' అన్నాను, అంతే. తోక ముడిచి పోయింది. ఇందులో నా గొప్పేం లేదు, చెప్పుకునే రకం కాదు నేను, మీకు తెలుసుగా."

"బాగా తెలుసు," అన్నాడు మికులా. "ఏ వాగు?"

"ఏదో వాగులే. వాగు కాదు ముఖ్యం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పంది ఊరికే పోలేదు, వెళ్లి వాళ్లన్నని పిలుచుకొచ్చింది! నేనేమో కింద కూర్చుని, గొయ్యి పూడ్చి, మట్టి అదిమి, పైన ఆకులు పరిచి, చేతులు దులుపుకుని లేచి వెనక్కి తిరిగి చూద్దును కదా, దున్నపోతంత పంది! కోరలు ఇంతింత! ముక్కులోంచి పొగ! ఇంకొకడైతే అక్కడే గుండాగి చచ్చేవాడు. నేనేం చేశానంటే, లోలాని చంకలో ఇరికించుకుని..."

"లోలానా? చంకలోనా?" అన్నాను. లోలా మా పిండి బస్తా అంత బరువుంటుంది.

"ఆ టైములో బరువు తెలుస్తుందేంటోయ్! చంకలో ఇరికించుకుని, రెండో చేత్తో పంది చెవి పట్టుకుని, ఎగిరి దాని వీపు మీద కూర్చున్నాను. అది పరుగు, పరుగు కాదు అది. బాటలు అయిపోయాయి, బోర్డులు అయిపోయాయి, దుప్పులన్నీ పక్కకి నిలబడి నోళ్లు తెరుచుకుని చూస్తున్నాయి. జర్మనీ సైకిళ్లవాళ్లు కొందరు ఎదురయ్యి, ఇది పార్కువాళ్లు పెట్టిన సవారీ అనుకుని, టికెట్టు ఎక్కడిస్తారని నన్నే అడిగారు! మిర్నా నది ఒక్క గెంతులో దాటాం. నీళ్లు తగల్లేదు. కావాలంటే నా బూట్లు చూడండి, ఎంత పొడిగా ఉన్నాయో."

చూశాం. బూట్లు పొడిగానే ఉన్నాయి. ప్యాంటు మాత్రం రెండు మోకాళ్ల దగ్గరా మట్టి. తొనీనా కూడా చూసింది. కూజా తన దగ్గరికొస్తే తాగకుండానే పక్కకి ఇచ్చేసింది.

"అక్కడితో అయిపోయిందనుకుంటున్నారా? అసలు కథ ఇప్పుడు! అవతలి ఒడ్డున వాళ్లమ్మ కూర్చునుంది. పందుల తల్లి. ఎంతుందంటారు?"

"లారీ అంత," అన్నాడు మికులా విసుగ్గా.

"లారీనా? లారీని పళ్లు కుట్టుకునే పుల్లగా వాడుకుంటుంది! మన చర్చి అంత ఉందిరా నాయనా! వీపు మీద నాచు, నాచులో ఓక్ మొక్కలు, మొక్కల మీద గుడ్లగూబ కాపురం. వెనిస్ వాళ్ల కాలం నుంచీ ఉన్నట్టుంది, ఎడమ కోర మీద వాళ్ల ముద్ర నా కళ్లారా చూశాను. ఓడకి పనికొస్తుందని చెట్టుకి వేసినట్టు దానికీ వేసిపోయారు పాపం. అది నన్ను చూసి ఒక్క తుమ్ము తుమ్మింది. ఇక చూస్కో! నేనూ కుక్కా ఆకాశంలో! గద్దలు పక్కకి తప్పుకుంటున్నాయి! వచ్చి వచ్చి తిన్నగా మన చర్చి గంటకి ఢామ్మని తగిలాను!"

మికులా కూజా కింద పెట్టాడు. "ఆగు. ఇవాళ గంట కొట్టింది నేను. తాడు నా చేతిలోనే ఉంది."

"నీదెన్నో దెబ్బ?"

"అన్నీ నావే!"

"మొదటిది నా తలదయ్యా. నీకు చెవుడు, తర్వాతవే విన్నావు. ఫాదర్‌గారైతే అది విని ప్రార్థన సగంలో ముగించేశారు!"

మికులా చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. బెపో కూజా అందుకుని గుక్క వేసి, మూతి తుడుచుకుని, గొంతు తగ్గించాడు.

"ఎందుకు చెబుతున్నానంటే, మీ మంచి కోరి చెబుతున్నాను. కొన్నాళ్లు అటు వాగు వైపు ఎవరూ పోకండి. ముఖ్యంగా నువ్వక్కా, ఆ మోకాలుతో అస్సలొద్దు. పందుల తల్లి మంచి కోపం మీదుంది. లోలాని తిప్పాలంటే నాకు చెప్పు. ఎంత ప్రమాదమైనా నేనే రోజూ తీసుకెళ్తాను."

రోజూ! ఆ మాటకి మేమంతా ఒకళ్ల మొహాలొకళ్లం చూసుకున్నాం. పక్కింటికి అరువు నిచ్చెన తిరిగివ్వడానికే బద్ధకించే మనిషి వీడు.

తొనీనా వంగి లోలా కాలికున్న మట్టిని గోటితో గీకి, వేళ్ల మధ్య నలిపి వాసన చూసింది. 

"బెపో. గొయ్యి ఎవరు తవ్వారు?"

"ఏ గొయ్యి?"

"నువ్వు పూడ్చింది."

తిరుగుతున్న కూజా ఆగిపోయింది.

"అదా... అది పందేనక్కా. పంది తవ్వింది."

"పంది తవ్విన గొయ్యి నువ్వు పూడ్చావు. మట్టి అదిమావు. పైన ఆకులు కూడా పరిచావు. వెనకాల దున్నపోతంత పంది పొగలు కక్కుతుంటే."

మికులా పకపకా నవ్వేశాడు. నాకూ నవ్వాగలేదు. పందులు దున్నిపోసిన నేలని మా లోయలో పుట్టినవాడెవడూ ఇంతవరకూ సర్దలేదు. గొయ్యి పూడ్చేది ట్రఫుల్ తీసినవాడొక్కడే, మళ్లీ ఏడు అక్కడే పుట్టాలని, ఇంకొకడి కంట పడకూడదని. అది మాకు చేతి అలవాటు. వీడికి నోటి అలవాటు కూడా అయిపోయింది, కోతల మధ్యలో జారిపోయింది.

"ఇందాకట్నుంచీ వింటున్నాను," అంది తొనీనా, "అంతసేపూ నువ్వు చెప్పినదాంట్లో నిజం ఆ ఒక్క ముక్కేరా. లోలా నిన్ను జ్వానె చెట్టు దగ్గరికే తీసుకెళ్లింది కదూ?"

బెపో చెవులు ఎర్రగా అయిపోయాయి. లోలా తోకాడించింది.

"దొరికింది నువ్వే తిను. నాకొద్దు," అంది ఆమె.  "ఏటా అడిగేదాన్ని, ఆ చెట్టేదో చూపించవయ్యా అని. వచ్చే ఏడు, వచ్చే ఏడు అనేవాడు. చూపించకుండానే పోయాడు. నాకంత ఏడుపొచ్చింది దానికే. ఇప్పుడు నాకంటే ముందు నువ్వు చూసొచ్చి, నన్నటు రావద్దంటావా? రేపు పొద్దున నన్నక్కడికి తీసుకెళ్తున్నావు."

"ఎలాగక్కా? చాలా ఏటవాలు. బాట కూడా లేదు. నీ మోకాలు..."

"నాకేం భయం? పందుందిగా. చెవి పట్టుకుని ఎక్కేస్తాను. దాన్ని రమ్మను."

బెపో కూజాలోకి చూశాడు. అందులో ఏమీ మిగల్లేదు.

"చర్చి అంత అన్నాను గానీ," అన్నాడు నీళ్లు నములుతూ, "అంతుండదక్కా. కాస్త చిన్నదే."

"ఎంత చిన్నది? దున్నపోతంతా?"

"అంత కూడా..."

"మేకంతా?"

"అక్కా, పందే లేదక్కా."

"అయ్యో," అంది తొనీనా, మోకాలు రెండు చేతుల్తో పట్టుకుని నెమ్మదిగా కిందికి దించుకుంటూ, "మరి నేను దేని వీపెక్కి రానురా?"

మేమందరం బెపో వీపు వైపు చూశాం.