తెల్లగీత దాటించినోడు

"పెద్దనాయనా, ఇరాకోళ్ళు కువైటు మీదికి వచ్చినప్పుడు నీ చేతిలో ఏదో బండి ఇంజను పగిలిపోయిందంట గదా?"

ఎవురు చెప్పిరి నీకు? మీ నాయనేనా? చెప్తాడులే. ఊరంతా చెప్పుకున్న మాటే. కూచో మ్మా, ఫ్యాను కింద కూచో. ఫహాహీల్ నుంచి అబ్బాసియాకు ఇంత దూరం బస్సులో వచ్చినావు, టీ తాగి పో. అడిగినావు గాబట్టి మొదటినుంచి వినల్ల. సగంలో ఫోను చూసినావంటే ఊరుకోను.

అప్పుడు నేను గ్యారేజీలో ట్యూనింగు మెకానిక్కు. మీ పెద్దమ్మ ఒక కువైటీ ఇంట్లో పని. మీ అన్న చంటోడు, ఊర్లో మాయమ్మ తావ ఉండె. ఇరాకోళ్ళు వచ్చిన వారానికో ఏమో, మీ పెద్దమ్మ పని చేసే ఇంట్లో మామా వాళ్ళు, అదే ఆ ఇంటి యజమానురాలు వాళ్ళు, సౌదీకి పాయిరి. పోతా పోతా ఈమెను వాకిట్లో నిలబెట్టి తాళం వేసుకున్యారు. ఈడ ఉండేదానికి ఇచ్చే కార్డు, ఇఖామా గూడా వాళ్ళ బ్యాగులోనే పాయె. అన్ని దినాలు వాళ్ళ బిడ్డల ముడ్డి కడిగింది, ఒక మాటన్నా చెప్పిపోలే. నాకు వీసా ఇచ్చిన కఫీలూ అంతే, యాడికి పాయెనో తెల్దు. మీ పెద్దమ్మను పిలుచుకోనొచ్చి మా రూములో పెట్టినా. పదిమంది మొగోళ్ళు ఉండే రూము. వీధిలో సిపాయిలు. ఒక కుబ్బూస్ రొట్టె కోసం పొద్దున్నుంచి లైను. అంతకుముందు, పెట్రోలు నీళ్ళకన్నా అగ్గువ ఉండె మ్మా ఈడ, కుబ్బూసుకైతే లెక్కే లేదు. ఆ... ఏం జెప్తాండా? రావు సంగతి.

రావు అని, గోదావరాయన. దజీజ్‌లో గోడౌను సూపర్‌వైజరు. మామూలుగా అయితే నాతో మాట్లాడడు. ఆయన బామ్మర్ది బొంబాయికి పోతా పెద్ద అమెరికా బండి ఈయనకు అప్పజెప్పిపోయినాడు. దాంట్లో పెండ్లాంబిడ్డల్ని ఎక్కించుకొని బాగ్దాదు మీదుగా జోర్డానుకు పోవల్లని ఆయన లెక్క. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారే, అట్ల వచ్చినాడు నా తావకు. "ఓబులేసూ, నువ్వే దిక్కయ్యా, బండి ఆ దారికి తట్టుకునేలా చెయ్యి" అనె. చేస్తా, మా ఆడామెకు ఒక సీటియ్యి అంటి. సరే అనె. నాకు సీటు లేదు, నేను అడగనూ లేదు.

ఇప్పుడు నువ్వు నర్సువు, నీకు ఇంజను సంగతి తెల్దు గదా. ఉయ్యాల ఊపినావా ఎప్పుడన్నా? ఉయ్యాల ఎనక్కి వచ్చి ఆగినాంక తోస్తే ముందుకు పోతాది. ఇంకా ఎనక్కి వస్తాండంగానే తోస్తే? చెయ్యి ఇరుగుతాది. ఇంజన్లో పిస్టను గూడా అంతే. పైకొచ్చే టయానికి పెట్రోలు మండల్ల. మరీ ముందే మంట లేస్తే పిస్టను నెత్తిన సమ్మెట పడినట్టు కటకటమంటాది. ఆ శబ్దం వినీ విననట్టు తోలితే పిస్టనుకు బొక్క పడతాది, ఖలాస్. ఇరాకులో దొరికేది నాసి పెట్రోలు. నాసిదంటే మండకపోవడం గాదు మ్మా, ఆత్రంగా మండేది.

అందుకని టైమింగు, అంటే మంట లేసే టయం, రవ్వంత ఎనక్కి పెట్టినా. డిస్ట్రిబ్యూటరని ఒక నల్లమూత ఉంటాది, ప్లగ్గుల వైర్లన్నీ దాంట్లోనుంచే వస్తాయి. దాని బోల్టు వదులు చేసి రవ్వంత తిప్పల్ల. మరీ ఎనక్కి పెడితే బండి లాగదు, వేడెక్కుతాది. నాసి పెట్రోలు యాడనో సంపాదించి, బండి నిండా బరువేసి, ఆరో రింగురోడ్డులో తోలి, తిప్పి, మళ్ళా తోలి... ఎక్సలేటరు ఎంత తొక్కినా కటకటనే మాట లేకుండా చేసినా. చేసి, మూత యాడ నిలవల్లో ఆడ, దాని అడుగున తెల్లరంగుతో గీత గీసినా. రావుకు చూపిచ్చినా. మీ పెద్దమ్మకు గూడా చూపిచ్చినా, ఈ గీత దాటనీయొద్దు అని. "లాగుడు తగ్గుతాది సార్, నిదానంగా పోండి" అంటి. సరే సరే అనె.

వాళ్ళు పోయినాంక శానా దినాలకు నేను బస్సుల్లో లారీల్లో పడి జోర్డాను బార్డరు కాడ క్యాంపుకు చేరితి. మీ పెద్దమ్మ కనపడె. బతికుండాదిరా దేవుడా అని దగ్గరికి పోతాంటే, అన్నం లైన్లోనుంచి రావు అరిచె: "ఇడిగో, వీడే ఆ మెకానిక్కు. వీడు చెయ్యిపెట్టిన బండి బాగ్దాదు దాటగానే పేలిపోయింది. పిల్లల్తో ఎడార్లో పడి చచ్చేవాళ్ళం." ఆ లైన్లో అందరూ మనోళ్ళే, కడపోళ్ళు, గోదావరోళ్ళు. అందరూ నా మొగం చూసిరి. నేను మీ పెద్దమ్మను అడిగితి, దారిలో ఆయన బానెట్టు ఎత్తినాడా అని. ఆమె తల వంచుకొని "నాకేం తెలుసు ఇంజన్ల సంగతి" అనె.

అంతే మ్మా. ఆమె గూడా అట్లంటే ఇంకెవుర్ని అడగల్ల? నా చెయ్యే తప్పు చేసిందనుకుంటి. ఊర్లో బైపాసు కాడ షెడ్డు పెడితే "బండి పేల్చినాయన షెడ్డు" అని పేరు పెట్టిరి. ఒక్కడు రాలే. మళ్ళా ఈడికే వచ్చినా. టైర్లు మార్చినా, ఆయిలు మార్చినా. టైమింగు జోలికి మాత్రం పోలే, ఎవురన్నా అడిగినా రాదంటి. నా చెవి నేను నమ్మలే, నా చెయ్యి నేను నమ్మలే. జీవితమంతా ఇట్లనే పాయె.

పోయినేడు రావు చచ్చిపోయినాడని తెలిసె. ఊర్లో ఉండే మీ పెద్దమ్మకు ఫోన్లో ఆ మాట చెప్తి. అప్పుడు ఆమె చెప్పె. బాగ్దాదు దాటినాంక టీ అంగడి కాడ ఆపినారంట. బండి లాగలేదని రావు ఒకటే గొణుగుడంట. భార్యా పిల్లలు బండిలో నిద్రపోతాన్యారు. ఈమె నీళ్ళకు దిగింది. రావు బానెట్టెత్తి, బోల్టు వదులు చేసి, ఆ నల్లమూత పట్టుకొని ముందుకు తిప్పినాడు. గీత దాటిచ్చినాడు. ఈమె "వద్దన్నా, మా ఆయన వద్దన్యాడు" అంటే, "నీకేం తెలుసు, ఊరుకో" అన్యాడంట. కొంచెం దూరం బండి బలే పరిగెత్తిందంట. తర్వాత కటకట, తర్వాత పొగ.

బండి బామ్మర్దిది గదా. పెండ్లానికి ఏమని చెప్తాడు? ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నట్టు నామీదికి తోసె. ఒక లారీ ఆగితే వాళ్ళు నలుగురూ ఎక్కినారు. ఈమె ఎక్కబోతే రావు అడ్డం నిలబడి, "నువ్వు చూసింది ఎవరికీ చెప్పనని, నీ మొగుడికి కూడా చెప్పనని, నీ కొడుకు మీద ఒట్టెయ్యి. అప్పుడే ఎక్కు" అన్యాడంట. చుట్టూ ఇసక. ఏసింది.

ఒట్టు పెట్టించుకున్నోడే పోయినాంక ఇంక ఒట్టేంది అని ఇప్పుడు చెప్పింది. ఇన్నేండ్లు, నేను ఊరికి పోయినప్పుడల్లా నా పక్కనే తిని పండుకొని, నన్ను ఊరంతా అంటాంటే విని... "ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టలేకపోయినావా?" అంటి.

"బిడ్డను పెట్టమంటావా గట్టు మీద?" అనె.

ఇప్పుడైనా ఒక ఇంజను దొరికితే నా చెయ్యి మంచిదేనని చూపిద్దామా అంటే, ఇప్పటి బండ్లల్లో తిప్పడానికి ఆ మూతే లేదు. అంతా కంప్యూటరు.

లెయ్ మ్మా, బస్సు పోతాది. సల్లంగుండు. ఎవురన్నా ఒట్టెయ్యమంటే ఆ లారీ ఎక్కొద్దు అని చెప్దామనుకుంటా నీకు. మళ్ళా అనిపిస్తాది, ఆ పొద్దు ఆమె ఎక్కకపోయింటే... ఏం జెప్పల్లో నాకూ తెల్దు. పో, జాగ్రత్త.