గోడ వెనక టైరు గాలి

హలో, వినపడుతోందాండీ? జగ్గయ్యపేటలో బజ్జీల బండి దగ్గర నిలబడి ఉన్నాను. పక్కనున్న పెద్దమనిషి రెండు చేతుల్లో బజ్జీలు పట్టుకుని, ఫోను తన మోటార్‌సైకిల్ సీటు మీద పెట్టి, స్పీకర్లో భార్యతో మాట్లాడుతున్నాడు.

"ఎక్కడున్నారండీ? మా అన్నయ్య గృహప్రవేశానికి టైమైపోతోంది."

"నందిగామలో ఇరుక్కుపోయానే. నువ్వు ఆటోలో పెనుగంచిప్రోలు వెళ్లిపో."

"మీరు నా ఫోన్లో పెట్టిన యాప్‌లో మీ బండి టైర్ల గాలి కనపడుతోందే? ముందు టైరు ఇరవై నాలుగే ఉంది."

"అది ఎంత దూరమున్నా చూపిద్దిలే."

"సెన్సార్లు బిగించిన రోజు మీరేగా చెప్పారు, బండి ఇంటి దగ్గరకొస్తేనే చూపిద్దని!"

ఆయన నోట్లో బజ్జీ ఆగిపోయింది.

"మన ఇంటి గోడ వెనక బజ్జీల బండి దగ్గరున్నారు కదూ?"

"మీ అన్నయ్య అందరి ముందూ నాది డొక్కు బండంటాడే!"

"అననివ్వండి. ఆయన కారుకి సెన్సార్లు లేవుగా! గాలి కొట్టించుకు రండి, అందరి ముందే ఫోన్ తీసి చూపిస్తా."

"నిజంగానా? వస్తున్నా!"

"ఆగండి. ముందు గోడ మీంచి నాకో రెండు బజ్జీలు అందించండి."

ఈ కథ బండికి సెన్సార్లు పెట్టించుకున్న మగాళ్లందరికీ పంపండి. మా ఆవిడకి మాత్రం వద్దండీ. నేనిప్పుడు పరిటాలలో ఉన్నానని చెప్పాను.