ఎండలో ఫ్లాష్

కలిదిండి దాటాక కొల్లేటి గట్టు. ఎండ వాలుతోంది. తాడేపల్లిగూడెంలో ఒకప్పుడు ఫోటో స్టూడియో నడిపిన ప్రసాదరావు, చేపల చెరువు దగ్గర పనిచేసే బుల్లెమ్మ.

“ఇంత ఎండ పెట్టుకుని మళ్ళీ లైటెందుకండీ?”

“ఎండ మీ వెనక ఉందమ్మా. ఇలాగే తీస్తే నీళ్ళు మెరుస్తాయి, మీ మొహం నల్లగా పడిపోతుంది. ముందునుంచి ఈ ఫ్లాష్ కాస్త కొడితే నీడ విరుగుతుంది. ఇటు తిరిగి నిలబడితే అసలు ఫ్లాషే అక్కర్లేదు.”

“అటొద్దండి. సెల్ టవరు పడుద్ది.”

“పడితే ఏం?”

“పడకూడదండి. చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్లు కూడా పడకూడదు. నా వెనక ఒట్టి నీళ్ళే ఉండాలి. తొందరగా తీయండి బాబుగారూ, బస్సొచ్చేస్తది.”

“ఎక్కడికెళ్ళాలి?”

“నేనెక్కడికీ వెళ్ళనండి. మణి వస్తది, వట్లూరు కాలేజీ నుంచి.”

“మీ అమ్మాయా?”

“నేనే పెంచానండి... అందులోకి తొంగి చూస్తానే ఉన్నారు, తీశారా?”

“లేదమ్మా, ఈ కెమెరాకి రెండు కళ్ళు. పై కంటితో చూడాలి, కింది కంటితో తీయాలి. కొంచెం ఎడమకి... కాదు కాదు, కుడికి. ఈ అద్దంలో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. ఇన్నేళ్ళయినా నాకే తికమక.”

“ఫోటోలోనూ తారుమారేనా?”

“అబ్బే, ఫోటోలో సరిగ్గానే వస్తుంది.”

“తారుమారుగా వెయ్యలేరా? బుగ్గ మీద ఈ మచ్చ అటుపక్కకి పోవాలండి.”

“నెగటివ్ తిరగేసి వేస్తే పోతుంది. దాంతోపాటు మీ పైట కూడా కుడి భుజం మీదకి పోతుంది. చూసినవాళ్ళు నవ్వరూ?”

“అయితే పైట ఇప్పుడే ఇటు మార్చేసుకుంటాను. ఓసారి అటు తిరగండి.”

“ఇదేం పనమ్మా!”

“అయింది, తిరగండి. కళ్ళకింద గీతలు పడతాయాండీ?”

“ఫ్లాష్ కొంత కప్పేస్తుంది. మరీ ఎక్కువ కొడితే మొహం సున్నం వేసిన గోడలా ఉంటుంది.”

“ఇరవయ్యేళ్ళ పిల్లలా పడాలండి.”

“అందరూ అడిగేది అదే. ఆ పని ఫోన్లో నిమిషంలో అయిపోతుందిగా. ఈ పాత పెట్టెతో నాకెందుకీ తిప్పలు?”

“పాతదనేనండీ మిమ్మల్ని అడిగింది. పొద్దున మీరు పిట్టల్ని తీస్తుంటే చూశాను. పాత ఫోటోలాగే వస్తదన్నారుగా? అన్నారా లేదా?”

“అన్నాను. నలుపు తెలుపు ఫిల్మే. నవ్వండి. అంత కాదు, మామూలుగా.”

“మామూలుగా నేను నోరు మూసుకుని నవ్వుతానండి. ఇది అలా కాదు. పళ్ళు కనబడాలి, తల కొంచెం ఇలా వంచి... ఇలాగే, ఇలాగే ఉండేది.”

“ఏది?”

“ఏం లేదండి. తీసెయ్యండి. హారను వినబడలా?”

“లారీది. కదలకండి... ఆ, అయిపోయింది.”

“కళ్ళు మూసేశానండి! లైటు పడగానే మూసేశాను.”

“మూయలేదు.”

“మూశాను. ఇంకోటి తీయండి. మళ్ళీ ఈ చీర కట్టలేనండి నేను.”

“సరే. ఎవరినో పిలుస్తున్నట్టు చూడండి. ఎవరినైనా... ఆ! అదీ. అయ్యో, ఏవండీ, ఏడుస్తున్నారేంటి?”

“నవ్వు పడిందా? ముందది చెప్పండి.”

“పడింది. చక్కగా పడింది. కూర్చోండి కాసేపు.”

“కూర్చోలేనండి. అదుగో, బస్సే. మీరు వెళ్ళిపోండి. మణి మిమ్మల్ని చూడకూడదు, నన్నీ చీరలో అసలు చూడకూడదు.”

“వెళ్తానమ్మా. ప్రింటు పోస్టులో పంపిస్తాను, కవరు మీద ఏం రాయను? బుల్లెమ్మ గారనేగా?”

“కవరు మీద బుల్లెమ్మనే రాయండి. ఫోటోలో ఉంది మాత్రం నేను కాదండి, మా అక్క సరోజ. మేమిద్దరం కవలలం, మచ్చ మాత్రం దానికి అటు బుగ్గ మీద. మణి పాలు మానకముందే పడవ తిరగబడి అక్క చనిపోయింది, ఒక్క ఫోటో అయినా లేదు. పాత ట్రంకుపెట్టెలో దొరికిందని చెప్పి, దాని చేతిలో వాళ్ళమ్మని పెడతాను.”